పిల్లల నగలు.. పెద్దల జ్ఞాపకాలు

బిడ్డ పుట్టిన వారం పది రోజులకు బొడ్డుతాడు ఎండి ఊడిపోతుంది. ఉయ్యాల గుడ్డలోనో, స్నానం చేయించే అమ్మమ్మ కాళ్ల మీదో రాలిపడుతుంది. ఇప్పుడైతే చాలామంది పారేస్తున్నారు గానీ, మా అమ్మమ్మల కాలంలో దాన్ని చిన్న గుడ్డముక్కలో చుట్టి దాచేవాళ్లు. బారసాల నాటికి కంసాలిగారి దగ్గరికి తీసుకెళ్తే చిటికెన వేలి గోరంత వెండి గొట్టంలో పెట్టి తాయెత్తు చేసి ఇచ్చేవారు. అది బిడ్డ మొలతాడుకు ఎక్కేది. ‘దిష్టి తగలదు’ అని పెద్దవాళ్లు చెప్పే కారణం. నన్నడిగితే అసలు కారణం వేరు. తల్లినీ బిడ్డనూ తొమ్మిది నెలలు కలిపి ఉంచింది అదొక్కటే. దాన్ని చెత్తబుట్టలో వెయ్యడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది చెప్పండి?

ఈమధ్య బెంగళూరు, ముంబై కంపెనీలు ఇదే పనిని ‘కీప్‌సేక్ జ్యూయెలరీ’ పేరుతో చేస్తున్నాయి. బిడ్డ మొదటి జుట్టు, పాలపన్ను, తల్లిపాలు కూడా లాకెట్లలో పెట్టి వేలకు వేలు తీసుకుంటున్నాయి. ఆ ప్రకటన నా ఫోన్లో చూసినప్పుడు నేను హైదరాబాద్‌లో ఆఫీసు క్యాబ్‌లో ఉన్నాను. వెంటనే తిరువూరులో ఉన్న నా ఫ్రెండుకి పంపించా. రెండు నిమిషాల్లో వాయిస్ మెసేజ్ వచ్చింది. ‘ఒసే, దీనికి ఆరువేలా? మా నాన్న దీన్ని మూడొందలకి చేసి, అందులో యాభై బాకీ పెట్టించుకుంటాడే!’

మా వ్యాపారానికి పునాది ఆ యాభై రూపాయల బాకీయే.

ఆచారిగారి కొట్టు

మా తిరువూరు గురించి రెండు ముక్కలు. విజయవాడ నుంచి మైలవరం మీదుగా జగదల్‌పూర్ వెళ్లే జాతీయ రహదారి మీద ఉంటుంది. మొన్నమొన్నటి దాకా కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. కాస్త ముందుకెళ్తే తెలంగాణ. చుట్టూ మామిడి తోటలు, పత్తి, మిరప. పంట డబ్బు చేతికొస్తే బజారు కళకళలాడుతుంది, రాకపోతే ఈగలు తోలుకోవడమే. బంగారం కొట్లకు ఇది మరీ వర్తిస్తుంది.

నా ఫ్రెండూ నేనూ తొమ్మిదో తరగతి నుంచి ఒకే బెంచీ. ఇంటర్ తర్వాత నేను ఇంజినీరింగ్‌కి వెళ్లా, అది ఇక్కడే బీకాం చేసింది. వాళ్లది విశ్వబ్రాహ్మణ కుటుంబం. వాళ్ల నాన్నగారిని ఊరంతా ఆచారిగారు అంటారు, నేను బాబాయ్ అంటా. బజారులో ఎనిమిదడుగుల వెడల్పు కొట్టు. గోడకి గాయత్రీదేవి పటం, కింద కుంపటి, ఊదుగొట్టం, పటకార్లు, తీగ లాగే కమ్మచ్చు. స్కూలు అయ్యాక ఆ కొట్టు అరుగు మీద కూర్చుని మేం హోంవర్క్ చేసుకునేవాళ్లం. వెలిగారం కరిగేటప్పుడు వచ్చే చిటపటలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

ఆ కొట్టు ఎలా చిక్కిపోయిందో కళ్లారా చూశాం. విజయవాడలో పెద్ద షోరూములు వచ్చాయి. మిషన్ మీద పోసిన డిజైన్లు, ఏసీ, కూల్‌డ్రింకు, నెలవారీ స్కీములు. పెళ్లి నగలన్నీ అటు వెళ్లిపోయాయి. బాబాయ్‌కి మిగిలింది తెగిన గొలుసులు అతకడం, చెవులు కుట్టడం, మెట్టెలు వదులు చెయ్యడం. నిజానికి ఈ వృత్తికి దెబ్బలు కొత్త కాదు. 1963లో కేంద్రం బంగారం నియంత్రణ నిబంధనలు తెచ్చి 14 క్యారెట్లకు మించిన నగ చెయ్యకూడదంది. దేశమంతటా కంసాలులు రోడ్డున పడ్డారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 1968లో అది చట్టమైంది. 1990లో గానీ రద్దు కాలేదు. ఆ రోజుల్లో వాళ్ల తాతగారు కొట్టు మూసి మామిడి తోట కాపలాకి వెళ్లారట. ‘మనం ఒకసారి కాపలా కాసి కూడా బతికాం’ అని బాబాయ్ ఇప్పటికీ అంటుంటారు.

ఇంత పని ఇంట్లోనే ఉన్నా నా ఫ్రెండుకి ఎవరూ నేర్పలేదు. ‘ఆడపిల్లకు కుంపటెందుకు’ అన్నారు. అన్నయ్య నేర్చుకోవాల్సింది, అతను డ్రైవింగ్ నేర్చుకుని ఊరు విడిచి వెళ్లిపోయాడు. ఇది మాత్రం అరుగు మీద కూర్చుని చూసి చూసి నేర్చేసుకుంది. బీకాం చదివే రోజుల్లో బాబాయ్‌కి కళ్ల ఆపరేషన్ అయితే మూడు వారాలు కొట్టు ఇదే నడిపింది. తెగిన పట్టీలు అతికి ఇచ్చింది. ఎవరు చేశారో ఎవరికీ తెలియదు, చెప్పలేదు కూడా.

చిలకలపూడి బంగారం కాదండీ

2024 దసరాకి మొదలుపెట్టాం. చెరో లక్షన్నర పెట్టాం. నాది జీతంలో దాచుకున్నది. దానిది వాళ్లమ్మ ఇచ్చిన రెండు గాజుల మీద తెచ్చిన గోల్డ్ లోను. ఈ తేడా నాకు మొదటి నుంచీ తెలుసు. నా డబ్బు పోతే మళ్లీ సంపాదించుకుంటా. అది పోగొట్టుకుంటే వాళ్లమ్మ చేతులు బోసిగా మిగులుతాయి.

ఏం చెయ్యాలన్నది ముందే అనుకున్నాం. బాలతొడుగులే, పెద్దవాళ్ల నగలు ముట్టుకోకూడదు. మురుగులు, మొలతాడు, పట్టీలు, రావిరేక, బొడ్డు తాయెత్తు, ఉగ్గుగిన్నె. ఎక్కువగా వెండి. బంగారం అయితే చెవిపోగులూ చిన్న ఉంగరాలే. వీలైతే ఆ ఇంటి పాత లోహంతోనే చెయ్యాలి. నానమ్మ తెగిన పట్టీ, తాతయ్య వెండి బొత్తాలు, అమ్మ చిన్నప్పటి మొలతాడు. కరిగించి బిడ్డకు కొత్త నగ చేసి, ఏది దేంతో చేశామో ఒక చిన్న కార్డు మీద తెలుగులో రాసి ఇవ్వాలి. ఆ కార్డు ఆలోచన నాది. బాబాయ్ మొదట నవ్వారు. ఇప్పుడు ఆయనే ‘కార్డు రాశావా అమ్మాయ్’ అని గుర్తు చేస్తున్నారు.

రోల్డ్‌గోల్డ్ పెట్టమని చాలామంది సలహా ఇచ్చారు. మచిలీపట్నం ఉండనే ఉంది. చిలకలపూడి నగలంటే తెలియని తెలుగువాళ్లుండరు. ‘చిలకలపూడి బంగారం’ అంటే నకిలీ అన్న అర్థం భాషలోకే వచ్చేసింది గానీ, ఆ మాట అనేవాళ్లకి ఆ పనితనం తెలియదు. పోతేపల్లి జ్యూయెలరీ పార్కుకి ఒకసారి వెళ్లి చూశాం. రాగి రేకు మీద అచ్చులు కొట్టడం, తీగ అల్లడం, రాళ్లు పొదగడం, చివరికి బంగారు నీళ్లు పట్టించడం.. ఒక్కో చిన్న హారం ఎన్ని చేతులు మారుతుందో! వాళ్ల పని చూసి నాకు గౌరవం పెరిగింది. అయినా పిల్లలకు వద్దనుకున్నాం. పసివాళ్లు ఏదైనా నోట్లో పెట్టుకుంటారు. పైపూత నాలుగు నెలల్లో చప్పరించేస్తారు. తర్వాత వాళ్ల నోట్లోకి వెళ్లేది కిందున్న లోహం.

ఇది ఉట్టి భయం కాదు. 2006లో అమెరికాలోని మిన్నియాపోలిస్‌లో నాలుగేళ్ల బాబు బూట్లతో పాటు ఉచితంగా వచ్చిన గుండె ఆకారపు బిళ్ల మింగి చనిపోయాడు. పరీక్షిస్తే ఆ బిళ్లలో 99 శాతం సీసం. ఆ తర్వాతే అక్కడ పిల్లల వస్తువుల్లో సీసం మీద గట్టి చట్టం వచ్చింది. తర్వాత కొన్నేళ్లకు చవక పిల్లల నగల్లో క్యాడ్మియం ఉందని అక్కడి మార్కెట్ నుంచి లక్షల కొద్దీ వెనక్కి తీసుకున్నారు. మన దగ్గర క్యాడ్మియం కథ ఇంకోలా నడిచింది. ఒకప్పుడు ‘కేడీఎం నగ’ అని గొప్పగా చెప్పుకునేవాళ్లం గుర్తుందా? కేడీఎం అంటే మరేం కాదు, క్యాడ్మియం కలిపిన టాకా. అతుకు పెట్టేటప్పుడు దాని పొగ పీల్చి దెబ్బతిన్నది మొదట కంసాలి ఊపిరితిత్తులే. బాబాయ్ దగ్గు ఆ కాలం నాటిదే అని పిన్ని అంటుంది. ఆయన మాత్రం బీడీల మీదికి తోసేస్తారు.

మా కొట్లో ఇప్పుడు క్యాడ్మియం గడప తొక్కదు.

ఐదు కిలోల బాటు

నేను ఆఫీసులో చేసేది టెస్టింగ్. వేరేవాళ్లు రాసిన కోడ్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఇక్కడ కూడా అదే పని పెట్టుకున్నా. అందుకే ఈ భాగం కాస్త ఎక్కువ చెప్తా, విసుక్కోకండి.

పిల్లల పట్టీకి అందం మువ్వలు. ప్రమాదం కూడా మువ్వలే. మామూలుగా వాటిని చిన్న రింగుతో తగిలిస్తారు. రింగు నోరు కాస్త విచ్చుకుంటే మువ్వ ఊడుతుంది. పాకే బిడ్డ చేతికి దొరుకుతుంది, నేరుగా నోట్లోకి వెళ్తుంది. బొమ్మల తయారీలో దీనికో కొలత ఉంది. 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టం తీసుకుంటారు. ఏ ముక్కైనా అందులో పూర్తిగా పట్టేస్తే మూడేళ్లలోపు పిల్లల గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉన్నట్టే. పాత ఫొటో రీలు డబ్బా దాదాపు అంతే ఉంటుంది. మా కొట్లో అలాంటి డబ్బా ఒకటి ఉంది. మువ్వ దాంట్లో పడుతుంది. పట్టక తప్పదు, ఎంత పెద్ద మువ్వ చేసినా పిల్లల కాలికి అంతకు మించి బాగోదు. కాబట్టి చెయ్యాల్సింది ఒకటే, అది ఊడకుండా చూడటం. రింగులు మానేసి మువ్వ కాడను పట్టీకే టాకా పెట్టి అతికిస్తున్నాం. తర్వాత ప్రతి మువ్వకీ దారం కట్టి ఐదు కిలోల బాటు వేలాడదీసి పది లెక్కపెడతాం. మొదటి జత పట్టీలకు ఇలా చేస్తుంటే బాబాయ్ కొట్టు బయటికి వెళ్లి నిలబడ్డారు. ‘ఎవరన్నా చూస్తే పరువు పోద్ది’ అని.

ఆ జతలో ఇరవై రెండు మువ్వలకి ఒకటి ఊడింది. ఆయన లోపలికొచ్చి చూశారు. ఏమీ అనలేదు. కుంపటి రాజేసి మళ్లీ అతికారు. అప్పటి నుంచి బాటు ఆయనే కడుతున్నారు.

మెడలోకి ఏడాదిలోపు పిల్లలకు మేం ఏమీ చెయ్యం. గొలుసు, తాడు, పూసలు.. ఏదైనా సరే. నిద్రలో మెడకి బిగుసుకుంటే అరవడానికి కూడా గొంతు ఉండదు. తాయెత్తు మొలతాడుకే, అది కూడా నిద్రలో తీసెయ్యమని కార్డు వెనక రాస్తాం. దీనివల్ల పోయిన ఆర్డర్లు తక్కువేం కాదు. ‘మా పిల్లలందరికీ వేశాం, ఏమైంది?’ అని అడిగితే సమాధానం చెప్పడం కష్టం. ఏమీ కానివాళ్లే కదా మన ముందు నిలబడి అడిగేది.

బొడ్డు తాయెత్తు పని చూడ్డానికి చిన్నదే. గొట్టం చుట్టి, అతికి, ఒక వైపు మూత టాకాతో బిగించాలి. ఇంతవరకూ కుంపటి పని. ఇక లోపల పెట్టాల్సింది పెట్టాక రెండో మూతకి నిప్పు చూపించకూడదు, చూపిస్తే లోపల ఉన్నది మాడిపోతుంది. అందుకే ఆ మూతను లక్కతో మూసి, గొట్టం అంచును చుట్టూ సన్నటి సుత్తితో లోపలికి మడతపెడతారు. బజారులో దొరికే మర మూతల తాయెత్తులు తేలిక, కానీ తిప్పితే ఊడొస్తాయి. ఈ మడత పని నా ఫ్రెండు చేతిలో ఎంత నున్నగా వస్తుందంటే అతుకు ఎక్కడో గోటితో తడిమినా దొరకదు.

పులిగోరు అడిగేవాళ్లు నెలకి ఒకరైనా తగులుతారు. బాబు ధైర్యంగా ఉంటాడని. ఎక్కడినుంచో నిజం గోరు కూడా పట్టుకొచ్చి ‘దీనికి బంగారం కట్టండి’ అంటారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది 1972లో. పులిగోరు దగ్గర పెట్టుకోవడమే నేరం. 2023 అక్టోబరులో కన్నడ బిగ్‌బాస్ ఇంట్లో ఉన్న పోటీదారుణ్ణి పులిగోరు లాకెట్ వేసుకున్నాడని అటవీశాఖవాళ్లు అక్కడి నుంచే పట్టుకెళ్లారు. ఆ వార్త కత్తిరించి అద్దానికి అంటించాం. ఎవరైనా అడిగితే మాట్లాడకుండా అటు చూపిస్తాం. గోరు ఆకారంలో వెండితో చేసి ఇస్తాం, ధైర్యం దానితోనూ వస్తుందని బాబాయ్ హామీ.

తూకం, తరుగు, ధర

కంసాలి సొంత తల్లి నగలోనైనా కాస్త గీకుతాడన్న సామెత బాబాయ్ జీవితమంతా విన్నారు. అందుకే పాత వెండి ఎవరు తెచ్చినా వాళ్ల ముందే తూకం, వాళ్ల ముందే కరిగింపు. మూసలో వేసి, కరిగాక వచ్చిన ముద్దని మళ్లీ తూకం వేసి తగ్గిందెంతో చెప్తాం. పాత పట్టీల్లో టాకా, మట్టి, చెమట మురికి చాలా ఉంటాయి. ఆ తగ్గుదల చూసి మొహం మారిపోయేవాళ్లు ఉంటారు. కళ్లారా చూశారు గనక ఏమీ అనరు.

బంగారంలో ఇంకో చిక్కు. 2021 జూన్ నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి అయింది, 2023 ఏప్రిల్ నుంచి ఆరు అంకెల, అక్షరాల హెచ్‌యూఐడీ లేకుండా అమ్మకూడదు. కానీ 2 గ్రాముల లోపు నగకు ఆ నిబంధన లేదు. పిల్లల చెవిపోగులు, ఉంగరాలు ముప్పాతిక భాగం 2 గ్రాముల లోపే! అంటే తప్పనిసరిగా ముద్ర ఉండాల్సిన నగల్లో పసిపిల్లలవి చాలావరకు లేవన్నమాట. కొనేవాళ్లు ఇది గమనించాలి. ముద్ర లేని చిన్న నగ కొంటే కనీసం క్యారెట్ రాసిన బిల్లు అయినా అడిగి తీసుకోండి. వెండికి హాల్‌మార్క్ ఇప్పటికీ ఐచ్ఛికమే. 2025 సెప్టెంబరు నుంచి వెండి హాల్‌మార్క్‌కి కూడా హెచ్‌యూఐడీ వచ్చింది.

పిల్లల వెండి నల్లబడితే దిష్టి లాగేసిందనో, బిడ్డకి ఒంట్లో బాగోలేదనో అనుకుంటారు. అదేం కాదు. గాలిలో, చెమటలో ఉండే గంధకం వెండికి తగిలితే నల్లటి పొర కడుతుంది. కుంకుడుకాయ రసం, మెత్తటి బ్రష్షు చాలు. ఈ ముక్క కార్డు మీద రాద్దామంటే నా ఫ్రెండు వద్దంది. ‘దిష్టి పోయిందనుకుని సంతోషపడేవాళ్ల సంతోషం నీకెందుకే’ అని. రాయలేదు. ఇక్కడ రాస్తున్నా.

వ్యాపారంలో మమ్మల్ని నిజంగా భయపెట్టింది ధరలు. 2025 మొదట్లో కిలో వెండి లక్ష లోపు ఉంది. డిసెంబరు నాటికి రెండు లక్షలు దాటింది. బంగారం అదే ఏడాది ఏప్రిల్లో పది గ్రాములు లక్ష తాకింది. అడ్వాన్సు తీసుకుని ధర ముందే ఖాయం చేసే కొట్లు ఎలా తట్టుకున్నాయో నాకు తెలుసు, రెండు మూడింటి షట్టర్లు మా కళ్ల ముందే దిగాయి. మేం బతికింది బాబాయ్ పెట్టిన ఒక్క నియమం వల్ల. ఏ రోజు వెండి ఆ రోజు ధర, మజూరీ మాత్రం ముందే చెప్పాలి. పెరిగినా తరిగినా లోహం ధర కొనేవాళ్లది, పనితనం మనది. పాత లోహం తెచ్చుకునేవాళ్లకి అసలు ధరతో పనే లేదు, మజూరీ ఒక్కటే. వెండి పెరిగే కొద్దీ మాకు పాత వెండి ఆర్డర్లే పెరిగాయి.

సరిహద్దు ఊరి తిప్పలు వేరే. కల్లూరు, సత్తుపల్లి మాకు బజారు లాంటివి. 2014 నుంచి అవి ఇంకో రాష్ట్రం. కొరియర్‌లో సరుకు పంపాలంటే జీఎస్టీ నంబరు ఉండాల్సిందే అన్నారు మా ఆడిటర్‌గారు. తీసుకున్నాం. నగ మీద 3 శాతం. ఇక నెలనెలా రిటర్నులు నా శనివారాల్ని తినేస్తున్నాయి. పీఎం విశ్వకర్మలో కంసాలి వృత్తి కూడా ఉంది. పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షలు. ఎవరి పేరు మీద పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ఒక ఇంట్లో ఒకరికే ఇస్తారు. బాబాయ్ దరఖాస్తు కాగితం కూతురి ముందు పెట్టి ‘పని చేసేది నువ్వేగా, నీ పేరే రాయి’ అన్నారు. కుంపటెందుకన్న మనిషే! అది కాగితం తీసుకుని లోపలికెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

తండా నుంచి వచ్చిన హారం

ఏ.కొండూరు మండలంలోని ఒక తండా నుంచి కిందటి వేసవిలో ఒకావిడ వచ్చింది. చేతిసంచిలో వాళ్లమ్మ నగలు. అమ్మ పోయి ఏడాది. కూతురికి ఆడపిల్ల పుట్టింది. మనవరాలికి వాళ్లమ్మ వెండితో పట్టీలు చేయించాలని. సంచి విప్పితే బరువైన కాలి కడియాలు రెండు, రూపాయి బిళ్లల హారం ఒకటి. లంబాడీ పనితనం. ఆ కడియాల మీద చెక్కుడు చూసి నాకు కరిగించడానికి మనసొప్పలేదు. ‘ఇవి మ్యూజియంలో పెట్టాల్సినవి. వద్దని చెబుదాం’ అన్నా పక్కకి పిలిచి. నా ఫ్రెండు ఒప్పుకోలేదు. ‘ఆవిడ వాళ్లమ్మ నగలు. వాటిని ఏం చెయ్యాలో చెప్పడానికి నువ్వెవరు, నేనెవరు? నీకు నచ్చితే ఫొటో తీసుకో.’ ఆ రోజు మా మధ్య మాటలు కాస్త గట్టిగానే నడిచాయి.

గొడవ తీరకుండానే బాబాయ్ కడియాన్ని గీటురాయి మీద గీశారు. ఆయన మొహం చూసి మాకు అర్థమైంది. అది వెండి కాదు. జర్మన్ సిల్వర్. పేరులోనే సిల్వర్, లోపల రాగి, నికెల్, జింకు. గ్రాము వెండి కూడా ఉండదు. పైగా నికెల్ పసివాళ్ల చర్మానికి పడదు, దద్దుర్లు వస్తాయి.

ఆవిడకి ఎలా చెప్పాలి? ఇంట్లో పెళ్లిళ్లకీ, ఆసుపత్రులకీ డబ్బు కావాల్సి వచ్చినప్పుడు కూడా ఆ కడియాలు తాకట్టు పెట్టలేదట. ‘మాయమ్మ ప్రాణం అందులోనే ఉండేది’ అంటోంది. బాబాయ్ ఒక్క క్షణం ఆగి, ‘ఇవి పిల్లల ఒంటికి పనికిరావమ్మా, వేరే లోహం. అట్టా ఉంచుకో, ఇంత చెక్కుడు ఇప్పుడు చేసేవాళ్లు లేరు’ అన్నారు. వెండి కాదు అన్న మాట నోటినుంచి రానీయలేదు. అబద్ధమూ చెప్పలేదు. ఆవిడ అర్థం చేసుకుంది. తల ఊపి కడియాలు సంచిలో వేసుకుంది. మూతి బిగించుకుని ఉంది గానీ ఏడవలేదు.

హారం మిగిలింది. ఆరు రూపాయి బిళ్లలు. బాబాయ్ ఒక్కోదాన్ని రాతి మీద జారవిడిచి మోత విన్నారు. రెండు ఖంగుమన్నాయి, నాలుగు మందంగా మోగాయి. సంవత్సరాలు చూస్తే అదే లెక్క. ఆ రెండూ ఐదో జార్జి బొమ్మవి, 1918, 1919. మిగతావి 1940 తర్వాతవి, ఆరో జార్జివి. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా 1940లో బ్రిటిష్ ప్రభుత్వం రూపాయిలో వెండిని 91.7 శాతం నుంచి సగానికి తగ్గించేసింది. మిగతా సగంలో రాగితో పాటు నికెల్ కూడా కలిపింది. ఆ నాలుగూ పిల్లకు పనికిరావు. పాత రూపాయి కొత్తగా ఉన్నప్పుడు సరిగ్గా ఒక తులం, అంటే 11.66 గ్రాములు. మనవి అరిగిపోయి రెండూ కలిపి 22.9 తూగాయి. పసిపిల్ల పట్టీలకు సరిపోతుంది.

మేం పని చేసేది 92.5 శాతం వెండితో. 91.7ని అక్కడికి తేవాలంటే స్వచ్ఛమైన వెండి ఎంత కలపాలి? నేను ఫోన్లో సమీకరణం వేస్తుంటే బాబాయ్ నోటి లెక్కతో ‘రెండున్నర’ అన్నారు. నాకూ దాదాపు అంతే వచ్చింది.

ఆవిడ ఒక షరతు పెట్టింది. కరిగేటప్పుడు తనే చూడాలి. కుంపటి ముందు కూర్చుంది. మూస ఎర్రబడి, ఐదో జార్జి మొహం మెల్లగా కుంగి, నీళ్లలా మెరిసే ముద్దగా మారే దాకా రెప్ప వెయ్యలేదు. ఆ పట్టీలు నా ఫ్రెండు ఒక్కతే చేసింది, తీగ లాగడం నుంచి మెరుగు దాకా. కార్డు మీద ఏం రాయమంటారని అడిగితే ఆవిడ వాళ్లమ్మ పేరు ఒక్కటే చెప్పింది. అదే రాశాం. మజూరీ కట్టి, మిగిలిన నాలుగు బిళ్లలు మళ్లీ దారానికి గుచ్చమంది. గుచ్చి ఇచ్చాం. మెడలో వేసుకునే వెళ్లింది.

కడియాలు కరిగించకూడదన్న నా మాట మరో దారిలో నెగ్గింది, ఆవిడ నగ ఆవిడిష్టం అన్న దాని మాట కూడా నెగ్గింది. ఎవరు గెలిచారన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు.

మా కాగితం

స్నేహితులతో వ్యాపారం వద్దని చెప్పనివాళ్లు లేరు. అందుకే రెండో నెలలోనే పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాయించుకున్నాం. లాభం చెరి సగం. అయితే లాభం లెక్కకు ముందే కుంపటి దగ్గర కూర్చున్న గంటలకు కూలి తియ్యాలని నేను పట్టుబట్టా. పెట్టుబడి ఇద్దరిదీ, కష్టం దానిది. అది వద్దంది, మొహమాటం. లాయరుగారు నా వైపు తేల్చారు. ఇంకో షరతు దానిది. పెళ్లయి ఎవరు ఏ ఊరు వెళ్లినా వాటా వాటాయే, భర్తలూ అత్తమామలూ కొట్టు విషయంలో మాట్లాడకూడదు. అది టైపు చేస్తూ డాక్యుమెంటు రైటరు తలెత్తి మా ఇద్దర్నీ చూశారు. టైపు చేశారు.

మొదటి ఏడాది కూలీలు పోగా మిగిలింది 41 వేలు. నా నెల జీతం కూడా కాదు. కానీ వాళ్లమ్మ గాజుల్లో ఒకటి లోను నుంచి బయటికొచ్చింది. రెండోది ఈ ఉగాదికి విడిపించాలని దాని పట్టుదల.

ఇప్పుడు మా మధ్య ఒక పేచీ నడుస్తోంది. విజయవాడలో చిన్న షాపు తీద్దామని నా వాదన. నెమలి వేణుగోపాలస్వామి గుడికి పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు, చుట్టుపక్కల పల్లెలవాళ్లు మనకు చాలు, ఊరు దాటితే నాన్న కుంపటి దాటదు, మిషన్ పెట్టాల్సి వస్తుంది అని దాని వాదన. పోయిన శనివారం రాత్రి పదకొండు దాకా వాదించుకున్నాం. బాబాయ్ మధ్యలో కలగజేసుకోలేదు. కమ్మచ్చు బిగించుకుని ఎవరిదో మొలతాడుకు తీగ లాగుతున్నారు. ఆదివారం ఉదయానికి ఆ మొలతాడు ఇవ్వాలి. దానికి తాయెత్తు మూత ఇంకా మడవాల్సి ఉంది. ‘ముందు ఆ పని చూడండర్రా’ అన్నారు.